ఒక గుంతలో మూడు మొక్కలు

మా పురపాలక సంఘానికి అందం మీద మనసు పుట్టిందన్న సంగతి మాకు చెత్తబండి మైకు ద్వారా తెలిసింది. అంతవరకు ఆ మైకు తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని చెప్పేది. ఆ రోజు నుంచి ఎర్ర పువ్వు వేరు, తెల్ల పువ్వు వేరు అని చెప్పడం మొదలుపెట్టింది.

సుందర పట్టణాల పోటీకి మా ఊరు దరఖాస్తు పెట్టుకుందట. పోటీవాళ్ళు డ్రోనుతో పైనుంచి ఫోటో తీస్తారట. సలహా చెప్పడానికి పిలిపించిన సంస్థ, పైనుంచి చూస్తే పట్టణం ఇంద్రధనస్సులా కనిపించాలని అరవై పేజీల నివేదిక ఇచ్చింది. ఇంద్రధనస్సులో మురుగుకాలువల ప్రస్తావన ఉండదు కాబట్టి నివేదిక కౌన్సిలుకు బాగా నచ్చింది. ‘ఏకవర్ణ పుష్ప విధానం’ అమల్లోకి వచ్చింది. వీధికొక రంగు. ఆ వీధిలో ఏ ఇంట్లో ఏ మొక్క పూసినా ఆ రంగే పూయాలి. ఇంద్రధనస్సులో తెలుపు లేదు గాని వీధులు ఏడుకంటే ఎక్కువున్నాయి. అందువల్ల మా పాలకేంద్రం వీధికి తెలుపు వచ్చింది.

పక్కింటి సత్యవేణమ్మగారి ముద్దమందారం వయసు ముప్పై ఏళ్ళు. దాన్ని ఎర్రవీధికి బదిలీ చేశారు. కొత్తచోట చేరడానికి ఉత్తర్వులో మూడు రోజుల గడువు కూడా ఇచ్చారు. మందారం గడువులోపలే చేరింది గాని బతకలేదు.

"ఉద్యోగస్తుణ్ణి మారిస్తే వీడ్కోలు సభైనా పెడతారు కదండీ అన్నయ్యగారూ!" అన్నారావిడ ప్రహరీ అవతల నుంచి. "ముప్పై ఏళ్ళు సర్వీసు చేసిన చెట్టండీ అది. జుట్టు పట్టుకుని లాక్కెళ్ళినట్టు లాక్కెళ్ళారు. ఒక దండేసిన పాపాన పోలేదు."

బీరపాదు సంగతేమిటని ఆవిడే వార్డు సమావేశంలో అడిగారు. బీరపువ్వు పసుపు కదా. పువ్వు పూయకుండా కాయ కాయించుకునే పక్షంలో పురపాలక సంఘానికి ఎటువంటి అభ్యంతరమూ లేదని వేదిక మీద నుంచి జవాబు వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ముప్పై రెండేళ్ళు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, చప్పట్ల శబ్దానికి నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నా కంగారుకు వేరే కారణం ఉంది. మా ఇంటి ముందు ఒక పొద ఉంది. నా భార్య హైమావతి కడియం నర్సరీల్లో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అమ్మినవాడు దాని పేరు ‘నిన్న-నేడు-రేపు’ అని చెప్పాడట. ఎక్కడో దక్షిణ అమెరికా అడవుల మొక్క. మా ఊరి ఉక్క దానికి పుట్టింటిలాగే ఉన్నట్టుంది, నడుమెత్తు పెరిగింది. ఆకు విషమట, మేకలు వాసన చూసి మర్యాదగా తప్పుకుంటాయి. దాని పువ్వు విచ్చుకున్న రోజు ముదురు ఊదా. మర్నాటికి లేత ఊదా. మూడోనాటికి తెలుపు. రోజూ కొత్తవి విచ్చుకుంటూ ఉంటాయి కనుక పొద మీద ఎప్పుడు చూసినా మూడు రంగులూ ఉంటాయి. హైమావతి ఆఖరి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నేను క్యారేజీ తీసుకుని వెళ్ళగానే మందుల గురించి కాక పువ్వుల గురించి అడిగేది. "నిన్న చెప్పినవి తెల్లబడ్డాయా?" అని. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు గాని, పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్ళి చూసి రావడం అలాగే ఉండిపోయింది.

అంతవరకూ ఏ చట్టానికీ పని కల్పించని మొక్క అది. కొత్త విధానం ప్రకారం లెక్క కడితే, నా ఇంట్లో ప్రతి పువ్వూ నేరస్తురాలిగా పుట్టి, రెండు రోజుల్లో సత్ప్రవర్తనలో పడి, మూడోనాటికి చట్టానికి కట్టుబడి, ఆ తరవాత రాలిపోతోంది.

పరిశీలనకు వర్ణ పర్యవేక్షకులు వచ్చారు. పేరు పులిదిండి చక్రధరరావుగారు. మొన్నటిదాకా కుళాయిల విభాగం. కుళాయిల్లో నీళ్ళు రాకపోవడంతో ఆయన్ని పువ్వులకు మార్చారు. చేతిలో రిజిస్టరు, మెడలో రంగుల పట్టీలు గుచ్చిన తాడు. పొద చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒక్కొక్క పట్టీ తీసి పువ్వుల పక్కన పెట్టి చూశారు.

"మూడున్నాయండీ," అన్నారు.

"ఒకటే మొక్కండీ. పువ్వే రోజుకో రంగు మారుతుంది."

"మేష్టారూ, రిజిస్టర్లో మొక్కకి ఎదురుగా రంగు అని ఒక గడే ఉందండి. ఒక గడిలో ఒక రంగే రాయాలి. మూడు రంగులు రాయాలంటే మూడు గడులు కావాలి. మూడు గడులంటే మూడు మొక్కలు. ఆయ్."

"కిందకి వంగి చూడండి. మొదలు ఒకటే కదా?"

ఆయన వంగి, మొదలును తాకి, జాగ్రత్తగా చూశారు. "ఒకటే ఉందండి. కాని మొదలు అనే గడి మాకు ఇవ్వలేదండి."

తరువాత రిజిస్టర్లో ‘ఒకే గుంతలో మూడు మొక్కలు నాటబడినవి’ అని రాసి, మూడు రేకు బిళ్ళలు తీసి ఆ ఒక్క మొదలికే కట్టారు. ఒకటో నంబరు ఊదా, రెండో నంబరు లేత ఊదా, మూడో నంబరు తెలుపు. మేకులు కొట్టకుండా మెత్తటి తీగతో కట్టారు. చెట్టుకు ఒత్తుకోకుండా తీగ కింద కాస్త గుడ్డముక్క కూడా పెట్టారు. లోకం మీద కోపం వచ్చినప్పుడల్లా నేనా గుడ్డముక్కను తలుచుకుంటాను.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమ ఆవరణయందు తెలుపు వీధి నిబంధనకు విరుద్ధముగా పెరుగుచున్న ఒకటి, రెండు నంబర్ల మొక్కలను పదిరోజుల లోపున సమూలముగా తొలగించవలెను. లేనిచో పురపాలక సంఘమే తొలగించును. సదరు తొలగింపు సమయమున మూడవ నంబరు మొక్కకు ఎట్టి హాని కలుగరాదు. కలిగినచో తమరే బాధ్యులు.’

సత్యవేణమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఒక ప్రాణంలోంచి రెండు ప్రాణాలు తీసి ఒకటి వదిలెయ్యాలన్నమాట. యముడికి కూడా ఇంత లెక్క తెలీదండీ బాబూ." కళ్ళజోడు తీస్తూ, "వదినగారు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారండీ దీన్ని. ఊరుకోకండి," అన్నారు.

ఊరుకోలేదు. నిజం చూపిస్తే చాలు, మొక్క బతుకుతుందనుకున్నాను. నా వయసుకు తగని ఆలోచనే అది. శుక్రవారం పొద్దున్న, అప్పుడే విచ్చుకున్న అయిదు ఊదా పువ్వులున్న కొమ్మ కోసి, మొగ్గలన్నీ తుంచేసి, నీళ్ళ సీసాలో పెట్టుకుని అదనపు కమిషనరుగారి విచారణకు వెళ్ళాను.

అదనపు కమిషనరుగారు బల్ల మీద సీసాను, సీసా వెనక నన్ను చూశారు.

"మీ వాదన ఏమిటి?"

"ఈ పువ్వులు మూడు రోజుల్లో తెల్లబడతాయండి. తమరి కళ్ళతో చూస్తారని తెచ్చాను."

"మూడు రోజులు చూస్తూ కూర్చోవడం పరిపాలనాపరంగా సాధ్యం కాదు. సాయంత్రం అయిదుగంటలలోపు మారే అవకాశం ఉందా?"

"లేదండి."

"అయితే సాక్ష్యాన్ని భద్రపరుద్దాం. సోమవారం పరిశీలిద్దాం."

అటెండరు నూకరాజును పిలిచారు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి. నేను మెట్లెక్కి రొప్పుతుంటే అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చినవాడు. ‘ముదురు ఊదా వర్ణము గల పుష్పములు అయిదు’ అని పంచనామా రాశారు. సీసాను గాజుబీరువాలో పెట్టి తాళం వేసి, తాళం మీద గుడ్డ చుట్టి లక్కముద్ర వేశారు. తాళంచెవి, లక్క, ముద్ర మూడూ నూకరాజుకే అప్పగించారు. నాకు సంతోషమేసింది. ప్రభుత్వం ఒక పువ్వుకు ఇంత కాపలా పెట్టడం చరిత్రలో నేనెక్కడా చదవలేదు.

సోమవారం ముద్ర పగలగొట్టారు. అయిదు పువ్వులూ మల్లెల్లా తెల్లగా ఉన్నాయి.

"చూశారా అండీ!" అన్నాను. పరీక్ష పాసైన కుర్రాడిలా నవ్వాను కూడా.

అదనపు కమిషనరుగారు నవ్వలేదు. పంచనామా తీసి, వేలు పెట్టి చదివారు. "రికార్డులో ఉన్నది ఊదా. సీసాలో ఉన్నది తెలుపు. కాబట్టి ఇది ఆ సీసా కాదు."

"అదే సీసా అండి. రంగు మారుతుందని నేను చెప్పింది ఇదే..."

"మీరు చెప్పింది మీ వాదన. వాదన సాక్ష్యాన్ని మార్చజాలదు. లక్కముద్ర చెక్కుచెదరలేదు. బయటివాళ్ళు తీయలేదన్నమాట. ముద్ర ఎవరి దగ్గరుంది?"

గదిలో అందరూ నూకరాజు వైపు చూశారు.

"నేనాండీ?" అన్నాడు నూకరాజు. "నాకు పువ్వులెందుకండీ బాబూ? శనాదివారాలు మా మేనకోడలి పెళ్ళికి రాజోలెళ్ళానండి."

"పెళ్ళిలో తెల్లపువ్వులు వాడారా?"

"పెళ్ళిలో పువ్వులు వాడకుండా ఎలాగండీ!"

"నోట్ చేసుకోండి," అన్నారు అదనపు కమిషనరుగారు. సాక్ష్యం తారుమారు చేసినందుకు నూకరాజును సస్పెండు చేయడానికి ప్రతిపాదన ఆ బల్ల మీదే తయారైంది. నా మొక్క విషయం మాత్రం గురువారానికి వాయిదా పడింది. పొద పీకడానికి పలుగుల మనుషులకు కూడా గురువారమే రమ్మని కబురు పెట్టారు, విచారణ ఫలితం మీద పూర్తి నమ్మకంతో.

వరండాలో నూకరాజు బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. నన్ను తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"పువ్వు నిజంగానే మారుద్దాండీ మేష్టారూ?"

"మారుతుంది నూకరాజూ."

"అలాగైతే చూడాల్సిన పువ్వేనండీ," అన్నాడు. "ఇంత తాళం దగ్గరెట్టుకుని ఒక్కసారి కూడా చూళ్ళేదు."

చక్రధరరావుగారు నన్ను స్తంభం పక్కకు తీసుకెళ్ళారు. "ఒక మాటండీ. మీరు నిజం చెప్తున్నంతకాలం నూకరాజు దొంగేనండి. మూడు మొక్కలున్నాయని ఒప్పేసుకోండి."

"ఒప్పుకుంటే?"

"సీసాలో ఒకటో మొక్క కొమ్మతోపాటు మూడో మొక్క మొగ్గలు కూడా కలిసిపోయాయని రాయండి. ఊదా పువ్వులు అయిదూ రాలిపోయాయి, తెల్లమొగ్గలు అయిదూ విచ్చుకున్నాయి. నూకరాజు నిర్దోషండి."

"రాలిన పువ్వులు సీసాలో ఉండాలి కదండీ?"

"నీళ్ళలో కరిగిపోయాయని రాయండి."

"పువ్వులు కరుగుతాయా?"

"మేష్టారూ," అన్నారాయన ఓపిగ్గా, "మీ పువ్వు రంగు మారుతుందంటే వాళ్ళు నమ్మలేదండి. కరిగిపోతుందంటే నమ్ముతారు."

"సరే, మరి నా మొక్క? మూడున్నాయని ఒప్పుకుంటే రెండు తీయాలి కదా?"

"తీసేశానని కూడా అందులోనే రాసేయండి. రెండు బిళ్ళలు విప్పి తెచ్చి ఇచ్చేయండి. తొలగింపుకి ముందు ఫోటో, తరవాత ఫోటో కావాలండి. అంతే."

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ముప్పై రెండేళ్ళు పిల్లలకు, రాజులు రాయించిన శాసనాలను వెంటనే నమ్మవద్దని చెప్పినవాణ్ణి. ఇప్పుడు నా చేత్తో నేనే ఒక శాసనం చెక్కాలి. హైమావతి తెచ్చింది ఒక్క మొక్క. దాన్ని మూడని రాయాలి, అందులో రెంటిని చంపానని రాయాలి. ఆవిడ ఉంటే ఏమనేదో ఆలోచించాను. నూకరాజుకు ఎంతమంది పిల్లలని అడిగేదనిపించింది.

గురువారం వాంగ్మూలం ఇచ్చాను. నా బ్రతుకులో రాసిన మొదటి కల్పిత రచన అది. అదనపు కమిషనరుగారు ఒక్కచోట కూడా ఆగకుండా చదివి, "ఇప్పుడు నమ్మదగినట్టుగా ఉంది," అని మెచ్చుకున్నారు. ముందు ఫోటోలో ఒక పొద, మూడు బిళ్ళలు. తరవాతి ఫోటోలో అదే పొద, ఒక బిళ్ళ. రెండూ ఎక్కించగానే కంప్యూటరు సంతృప్తి చెందింది. సస్పెన్షను ప్రతిపాదన చింపేశారు. పలుగుల మనుషులు మా గేటు దాకా వచ్చి, సత్యవేణమ్మగారు ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. మూడో నంబరు మొక్క మీద ఆరోజు ఇరవైకి పైగా ఊదా పువ్వులున్నాయి. కాని అది తెల్లదని రిజిస్టర్లో ఉంది కాబట్టి వాటిని ఎవరూ చూడలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెల తిరిగేసరికి అదే కార్యాలయంలోని పచ్చదనం విభాగం నుంచి ఇంకో కాగితం. సుందరీకరణ విభాగం ఉత్తర్వు మేరకు నేను రెండు మొక్కలు తొలగించినట్టు వారి దృష్టికి వచ్చిందట. తొలగించడానికి వారి అనుమతి తీసుకోలేదట. తీసిన ఒక్కొక్క మొక్కకు బదులు రెండేసి చొప్పున నాలుగు మొక్కలు, అదే జాతివి, అదే రంగువి, అదే ఆవరణలో నాటాలట.

"ఆ రంగు ఉండకూడదనే కదండీ తీయించారు?" అని చక్రధరరావుగారికి ఫోను చేశాను.

"అది మా విభాగమండి. ఇది వాళ్ళ విభాగమండి. మా ఇద్దరికీ మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయండి. మీరీలోపు నాటేయండి."

పోయిన రెండు మొక్కలు ఏనాడూ లేవు గనుక, వాటి జాతివి వెతుక్కునే అవసరం రాలేదు. వానలు పడగానే పొద మీద నాలుగు కొమ్మలు ఎంచుకుని, చుట్టూ బెరడు గీసి, తడి కొబ్బరిపీచు కట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి అంట్లు కట్టాను. కొమ్మ తల్లిమీద ఉండగానే వేళ్ళు పోసుకుంటుంది. తరవాత కోసి కుండీలో నాటుకోవడమే. హైమావతి గులాబీలకు కడుతుంటే దారం పట్టుకున్న అనుభవం నాది. నాలుగూ వేళ్ళు పోశాయి. ఒకరోజు నూకరాజు సైకిలు మీద వచ్చి, కుండీలకు ఎర్రమట్టి, మాగిన పేడ తెచ్చి పోసి, పొద ముందు గొంతుక్కూర్చుని మూడు రంగులూ చూసి వెళ్ళాడు.

ఈమధ్యలో డ్రోను వచ్చింది, ఫోటో తీసింది. పైనుంచి చూస్తే పువ్వులు కనిపించవన్న సంగతి అప్పుడు బయటపడింది. ఆకుల పచ్చ, దాని మధ్య మేడల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు. ఎనిమిది రంగుల వీధుల్లోనూ అంతే. మా ఊరికి బహుమతి రాలేదు. విధానం మాత్రం రద్దు కాలేదు. పెట్టడానికి ఉన్నట్టు రద్దు చేయడానికి నివేదిక లేదట.

దసరా వెళ్ళాక చక్రధరరావుగారు కొత్త మొక్కలు నాలుగూ తనిఖీ చేయడానికి వచ్చారు. మూడింటికి మొగ్గలు. ఒకదానికి అప్పుడే విచ్చుకున్న పువ్వు. ఆయన ఊదా పట్టీ పక్కన పెట్టి చూసి, రిజిస్టరు తెరిచి, రాయలేదు.

"మేష్టారూ, ఇక్కడ మనిద్దరమేనండి. నిజంగా మారుద్దాండీ?"

"మీరే చూసుకోండి."

ఆయన రిజిస్టరుకు కట్టిన ఎర్రదారం కొంచెం తెంపి, పువ్వు తొడిమకు మెల్లిగా ముడివేశారు. నేను ఆ ముడి విప్పి మళ్ళీ వేస్తే తెలిసేలా, ముడికి ముడి వేశారు. ప్రభుత్వోద్యోగి కదా.

మూడోనాడు సెలవు. అయినా పొద్దున్నే స్కూటరు చప్పుడైంది. చెయ్యి కడుక్కుని వచ్చినట్టున్నారు, వేళ్ళు తడిగా ఉన్నాయి. కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. దారం అదే. ముడి మీద ముడి అదే. పువ్వు పాలలా ఉంది. నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టాను, చల్లారిపోయింది.

"ఇది నేను చూళ్ళేదండి," అన్నారు చివరికి.

"అదేమిటండీ?"

"చూశానంటే రాయాలండి. రాస్తే ఫైలు తిరిగి తెరుస్తారు. పంచనామా తప్పు, మీ వాంగ్మూలం తప్పు, నూకరాజు కేసు మళ్ళీ మొదటికొస్తుంది. ముసలాయన పింఛను తింటాడో లేదో. చూళ్ళేదండి." దారం విప్పి జేబులో పెట్టుకున్నారు. రిజిస్టరు తెరిచి ‘నాలుగు మొక్కలు ఆవరణయందు కలవు, సరి’ అని రాసి సంతకం పెట్టారు. పెన్ను మూశారు. లేవలేదు.

"మా ఆవిడకి మొక్కలంటే ప్రాణమండి," అన్నారు కుండీ వైపే చూస్తూ. "దీన్ని తీసుకెళ్తే మీకేమన్నా అభ్యంతరమాండీ?"

"నాలుగూ ఇక్కడే ఉండాలని ఉత్తర్వు కదా?"

"నాలుగూ ఉన్నాయని ఇప్పుడే సంతకం పెట్టానండి."

కుండీ ఎత్తి స్కూటరు మీద ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. రోజూ నీళ్ళు పోయమని, మధ్యాహ్నం ఎండ తగలనివ్వద్దని చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నారు. గేటు తీస్తుంటే నాకు సందేహం వచ్చింది.

"మీ వీధి ఏ రంగండీ?"

చక్రధరరావుగారు అటూ ఇటూ చూసి, పువ్వు కనపడకుండా రిజిస్టరు అడ్డం పెట్టుకున్నారు.

"ఎరుపండీ," అని స్కూటరు స్టార్టు చేశారు.